పద్దు ఎప్పుడు పాతబడుతుంది?

వ్యాపార సంస్థల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న వోచర్లలో వేటిని ఉంచాలి, వేటిని తీసేయాలి అన్న ప్రశ్నకు చాలాచోట్ల వయసే జవాబుగా చెలామణీ అవుతుంది. అయిదేళ్లు దాటినవి తీసేయవచ్చని ఒకరు, పదేళ్లు దాటినవి ఉంచడం దండగని మరొకరు తేల్చేస్తారు. లెక్కలకు సంబంధించినంతవరకు వయసు చాలా బలహీనమైన కొలబద్ద. ఇరవై ఏళ్ల కిందట కొన్న స్థలం తాలూకు పద్దు ఆ స్థలం అమ్మేదాకా బతికే ఉంటుంది; నిన్న నగదుకు అమ్మి అక్కడికక్కడే డబ్బు పుచ్చుకున్న సరుకు పద్దు, కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య చూస్తే, నిన్ననే ముగిసిపోయింది. ఒక పద్దు పాతబడిందా లేదా అన్నది దాని తేదీని చూసి కాక, ఇంకా తేలని మరో పద్దు దేనికైనా అది ఆధారంగా నిలబడి ఉందా అని చూసి నిర్ణయించవలసిన సంగతి.

ఈ చర్చలో మూడు వేర్వేరు పనులు తరచు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. బ్యాకప్ అంటే వాడుకలో ఉన్న డేటా మొత్తానికి తీసిపెట్టుకున్న నకలు. యంత్రం చెడిపోయినా వైరస్ సోకినా పని మళ్లీ మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది. ఆర్కైవింగ్ అంటే రోజువారీ పనికి అక్కరలేని రికార్డులను వాడుకలో ఉన్న ఫైళ్లనుంచి తప్పించి, కావలసినప్పుడు చదువుకోగలిగేలా వేరేచోట భద్రపరచడం. పర్జింగ్ అంటే తుడిచివేత, అంటే ఆ రికార్డు ఇక ఎక్కడా మిగలకుండా చేయడం. వీటికి తోడు కుదింపు అనే నాలుగో పద్ధతి కూడా ఉంది. అందులో ఒక నెలలోని వందలాది వోచర్లను తీసేసి వాటి మొత్తాలతో ఒకే ఒక జర్నల్ పద్దు రాస్తారు. క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్‌లోని ‘కండెన్స్’ సదుపాయం ఈ కోవలోదే. కుదింపులో ఖాతాల నిల్వలు పైసా తేడా లేకుండా సరిపోతాయి గనుక ఏమీ పోలేదనిపిస్తుంది. పోయిందల్లా ఆ నిల్వ ఎలా వచ్చిందో చెప్పగలిగే వివరం. తుడిచివేతకు ఇంత మర్యాదైన మారువేషం మరొకటి లేదు.

పాత లెక్కను మూసి నిల్వలను కొత్త పుస్తకంలోకి తెచ్చుకోవడం కంప్యూటర్లతో మొదలైన పని కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ జంటపద్దు విధానాన్ని వివరిస్తూ, లెడ్జరు నిండినప్పుడు గాని సంవత్సరం మారినప్పుడు గాని ఒక్కొక్క ఖాతాను మూసి దాని శేషాన్ని కొత్త లెడ్జరులోకి ఎలా ఎక్కించాలో చెప్పాడు. మొదటి పుస్తకానికి శిలువ గుర్తు, తరవాతి వాటికి వరసగా అక్షరాలు పెట్టాలని కూడా సూచించాడు. ఏ పద్దు ఏ పుస్తకంలో ఉందో వెతికి పట్టుకోవడానికి ఆ గుర్తులు. మన వ్యాపారులు చిట్టాలోంచి ఆవర్జాకు పద్దులు ఎక్కించి, ఏడాది మారాక పాత పుస్తకాలను మూటకట్టి అటకమీద పెట్టుకోవడం వెనక ఉన్న క్రమమూ ఇదే. కాగితపు కాలంలో శేషం కొత్త పుస్తకంలోకి వచ్చినా పాత పుస్తకం చెక్కుచెదరకుండా ఉండిపోయేది, అందువల్ల మూయడం, భద్రపరచడం, పారేయడం అనే మూడు నిర్ణయాలు వాటంతటవే విడివిడిగా ఉండేవి. సాఫ్ట్‌వేర్‌లో పాత పద్దులూ కొత్త పద్దులూ ఒకే ఫైలులో, ఒకే పట్టికలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ మూడూ ఒక్క మీట నొక్కుడుతో జరిగిపోయే ప్రమాదం ఏర్పడింది.

అసలు కంప్యూటరులో ఒక రికార్డును తీసేయడమంటే ఏం జరుగుతుందో చూస్తే విషయం మరికొంత తేటపడుతుంది. 1980ల్లో ప్రచారంలోకి వచ్చిన డీబేస్, దాని బాటలో నడిచిన ఫాక్స్‌ప్రో డేటాబేస్‌లలో ప్రతి రికార్డుకూ మొదట ఒక్క బైటు చోటు ప్రత్యేకంగా ఉండేది. ఆ చోట ఖాళీ ఉంటే రికార్డు చెల్లుబాటులో ఉన్నట్టు, నక్షత్రం గుర్తు ఉంటే తీసేసినట్టు లెక్క. ‘డిలీట్’ ఆజ్ఞ చేసే పని ఆ నక్షత్రం పెట్టడం మాత్రమే, రికార్డులోని అంకెలన్నీ అలాగే ఉంటాయి, ‘రీకాల్’ అంటే తిరిగి వస్తాయి. ‘ప్యాక్’ అనే మరో ఆజ్ఞ ఇచ్చినప్పుడే ఫైలును మళ్లీ రాసి, నక్షత్రం ఉన్న రికార్డులను వదిలేస్తుంది. తరవాతి తరం డేటాబేస్‌లలోనూ సూత్రం పెద్దగా మారలేదు; పోస్ట్‌గ్రెస్‌లో తీసేసిన వరస ‘వ్యాక్యూమ్’ అనే శుభ్రపరిచే పని జరిగేదాకా డిస్కుమీద ఉండనే ఉంటుంది. ఎన్నో వోచర్లు తీసేసినా ఫైలు పరిమాణం తగ్గలేదని గుమాస్తాలు ఆశ్చర్యపడే సందర్భాలకు మూలం ఇక్కడుంది. గుర్తు పెట్టడానికీ చోటు ఖాళీ చేయడానికీ మధ్య ఉన్న ఈ ఎడం పొరపాటున తీసేసినవారిపాలిట వరం. రహస్యంగా తుడిచేశామనుకున్నవారికి ఇరకాటం.

ఈ ఎడం ఎంత దూరం పోగలదో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూపింది. 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాసిన తరవాత జరిగిన సీబీఐ దర్యాప్తులో, ఇన్వాయిస్‌లను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌లో 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు ఉన్నట్టు తేలింది. ప్రత్యేక అధికారాలున్న యూజరు ఖాతాతో వాటికి ఒక చిన్న గుర్తు తగిలించి, మిగతా విభాగాల తెరమీద కనిపించకుండా, ఆదాయపు మొత్తంలో మాత్రం కలిసేలా అమర్చారు. అవి తెరమీద లేవు గాని డేటాబేస్‌లో ఉన్నాయి, ఉన్నాయి కాబట్టే దొరికాయి. పాత ఇన్వాయిస్‌లను కుదించి నెలసరి మొత్తాలుగా మార్చే అలవాటు అటువంటి చోట ఉండి ఉంటే, నకిలీ ఏదో అసలు ఏదో విడదీసే ఆధారమే మొత్తంలో కరిగిపోయేది.

ఇక పాత డేటా తీసేయాలన్న కోరిక దేనివల్ల పుడుతుందో పరిశీలించాలి. చోటు చాలకపోవడం కారణం అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. ఒక దుకాణం రోజుకు 200 వోచర్లు, ఏడాదికి 300 రోజులు రాస్తుందనుకుని, అనుబంధ సూచికలతో కలిపి వోచరుకు 2 కిలోబైట్లు పడుతుందనుకుంటే, ఏడాదికి 60,000 వోచర్లు, దాదాపు 120 మెగాబైట్లు అవుతాయి. పదేళ్లకు లెక్కేసినా 1.2 గిగాబైట్లు మించదు, అది చేతి ఫోనులో ఒక మూల సరిపోయే పరిమాణం. వెతకడంలో ఆలస్యం కూడా నిజానికి అనుకున్నంత పెద్ద కారణం కాదు. డేటాబేస్‌లు రికార్డులను బీ-ట్రీ అనే సూచికతో వెతుకుతాయి. 1970ల తొలినాళ్లలో బోయింగ్ పరిశోధనశాలలో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీన్ని రూపొందించారు. చెట్టు కొమ్మల్లా విడిపోయే ఈ సూచికలో ఒక్కొక్క కణుపు దగ్గర వంద దారులు ఉన్నాయనుకుంటే, మూడు అంచెల్లో 10 లక్షల రికార్డులను, నాలుగు అంచెల్లో 10 కోట్ల రికార్డులను చేరుకోవచ్చు. అంటే డేటా వందరెట్లు పెరిగినప్పుడు ఒక వోచరును వెతకడానికి అదనంగా పడేది ఒక్క అడుగు.

నెమ్మది వచ్చేది వెతకడంలో కాదు, కూడడంలో. ఖాతా నిల్వను మొదటి వోచరునుంచి ప్రతిసారీ కొత్తగా కూడే ప్రోగ్రాములో పదేళ్ల డేటాకు పదిరెట్లు పని ఉంటుంది. సరుకు నిల్వ విలువను ‘ముందు వచ్చింది ముందు పోయింది’ అనే పద్ధతిలో కట్టేటప్పుడైతే ఇవాళ గోదాములో ఉన్న బస్తా ఏ తేదీ కొనుగోలుదో తెలియడానికి పాత కొనుగోళ్లు, అమ్మకాలు అన్నీ వరసగా తిరగేయాలి. నెలనెలా మొత్తాలను కట్టిపెట్టుకునే ప్రోగ్రాములకు ఈ బాధ తక్కువ. మరికొన్నిచోట్ల అసలు ఇబ్బంది గట్టి హద్దులతో వస్తుంది: ఫాక్స్‌ప్రోలో ఒక పట్టిక ఫైలు 2 గిగాబైట్లు దాటకూడదు, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో 2008 ఆర్2 నుంచి 2022 వరకు వచ్చిన రూపాలు డేటాబేస్‌కు 10 గిగాబైట్లే ఒప్పుకుంటాయి. హద్దు తగిలిన రోజున సాఫ్ట్‌వేర్ నెమ్మదించదు, కొత్త వోచరు రాయడానికే నిరాకరిస్తుంది. అదీ చాలాసార్లు మార్చి నెలాఖరు హడావుడిలో బయటపడుతుంది.

తీసేయక తప్పనప్పుడు ఏది పోతుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక హార్డ్‌వేర్ వ్యాపారి ఒక గుత్తేదారుకు 2020 జనవరిలో 60,000 రూపాయల బిల్లు, ఫిబ్రవరిలో 40,000 రూపాయల బిల్లు రాశాడనీ, గుత్తేదారు మార్చిలో 55,000 కట్టాడనీ అనుకుందాం. మార్చి 31 నాటికి బాకీ 45,000. ఆ తేదీ దగ్గర డేటాను విడదీసి 45,000 అనే ఒక్క అంకెను కొత్త సంవత్సరపు ప్రారంభ నిల్వగా తెచ్చుకుంటే లెడ్జరు సరిపోతుంది, అంకణా సరిపోతుంది, అంటే డెబిట్ల మొత్తం క్రెడిట్ల మొత్తంతో సమానంగానే ఉంటుంది. కాని అందులో జనవరి బిల్లుమీద 5,000, ఫిబ్రవరి బిల్లుమీద 40,000 రావాలన్న వివరం లేదు. బాకీల వయసు చూపే పట్టికలో ఆ మొత్తమంతా ఏప్రిల్ 1న పుట్టినట్టు కనిపిస్తుంది, ఆలస్యానికి వేయవలసిన వడ్డీ తప్పుతుంది. బాకీ వసూలుకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా ఇచ్చే గడువు మూడేళ్లు, ఆ మూడేళ్లు ఎక్కడినుంచి లెక్కపెట్టాలో చెప్పేది బిల్లు తేదీ, గడువులోగా కట్టిన సొమ్ము తేదీ. రెండూ కుదింపులో పోయేవే. సూక్ష్మ, చిన్న సంస్థల వద్ద కొన్న సరుకుకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ ఖర్చును కట్టిన ఏడాదిలోనే లెక్కలోకి తీసుకోవాలన్న ఆదాయపు పన్ను నియమం 2023-24 లెక్కల సంవత్సరంనుంచి అమలైన తరవాత, ఇవ్వవలసిన బాకీల వైపు కూడా బిల్లు తేదీకి ఇదే విలువ వచ్చింది.

అందుకే బాగా రాసిన సాఫ్ట్‌వేర్ పాత పద్దులను తీసేముందు గొలుసును వెతుకుతుంది. బిల్లుకు దాని రశీదు, రశీదుకు బ్యాంకు జమ, జమకు బ్యాంకు సరిపోలిక ముడిపడి ఉంటాయి. వీటిలో ఏ కొస తెరిచి ఉన్నా గొలుసు మొత్తాన్నీ ఉంచాలి. క్విక్‌బుక్స్ కుదింపు తేలని బిల్లులనూ, వాటితో ముడిపడ్డ లావాదేవీలనూ ముట్టుకోకుండా వదిలేస్తుంది, అందువల్ల కుదించిన తరవాత కూడా ఫైలు పెద్దగా తగ్గలేదని వాడకందార్లు చిరాకుపడతారు. నిజానికి అది ఆ సాఫ్ట్‌వేర్ వివేకం. మన దేశంలో విరివిగా వాడే, బెంగళూరులో పుట్టిన ట్యాలీలో ఎంచుకున్న తేదీ దగ్గర కంపెనీ డేటాను విడదీసే ‘స్ప్లిట్’ సదుపాయం ఉంది. ముందరి భాగపు ముగింపు నిల్వలు తరవాతి భాగానికి ప్రారంభ నిల్వలవుతాయి, బిల్లువారీ వివరాలు పెట్టుకున్న ఖాతాల్లో తేలని బిల్లులు వాటి వివరాలతో వస్తాయి. విడదీసే ముందు డేటాను సరిచూసి, సరుకు వచ్చి బిల్లు రానివి, విదేశీ మారకపు లాభనష్టాలు సర్దుబాటు కానివి ఉంటే అది ఎత్తిచూపుతుంది. ఆ హెచ్చరికలు రావడం విడదీయడానికి ఆటంకం అనుకుని ఏదో ఒక జర్నల్ రాసి దాటేసేవారున్నారు. అంతకంటే ఆ ఏడాది విడదీయకుండా ఊరుకోవడం మేలు.

బిల్లుల గొలుసు కొన్ని నెలల్లో ముగుస్తుంది, ఆస్తుల గొలుసు దశాబ్దాలు సాగుతుంది. భవనం, స్థలం, యంత్రం కొన్న పద్దులను మామూలు ఖర్చుల పద్దులతో కలిపి ఒకే తేదీ దగ్గర తెగ్గొట్టడం లెక్కల సాఫ్ట్‌వేర్ నిర్వహణలో అతి సాధారణంగా జరిగే తప్పు. 2001 ఏప్రిల్ 1 తరవాత కొన్న స్థలాన్ని ఎప్పుడు అమ్మినా మూలధన లాభం లెక్కకు కొన్న ధర, రిజిస్ట్రేషన్ ఖర్చు, మధ్యలో చేసిన మెరుగుల ఖర్చు చూపాలి. అవి ముప్పై ఏళ్ల కిందటివి అయినా సరే.

వ్యాపార అవసరాన్ని దాటిన తరవాత చట్టం వస్తుంది, చట్టం గడియారం ఒక్కటి కాదు. 2013 కంపెనీల చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం ప్రతి కంపెనీ నడుస్తున్న సంవత్సరానికి వెనక ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కలను వోచర్లతో సహా ఉంచాలి. 2025-26లో ఉన్న కంపెనీకి అది 2017-18 దాకా పోతుంది, విచారణ ఏదైనా ఉంటే ప్రభుత్వం ఇంకా ఎక్కువకాలం ఉంచమనవచ్చు. వస్తు సేవల పన్ను చట్టం 36వ సెక్షన్‌లో ఉన్నది 72 నెలలు. ఆరేళ్లే కదా అని లెక్కేసుకుంటే పొరపాటు, ఎందుకంటే ఆ 72 నెలలు వోచరు తేదీనుంచి గాని ఆర్థిక సంవత్సరం చివరినుంచి గాని మొదలుకావు, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను దాఖలుకు ఆఖరు తేదీనుంచి మొదలవుతాయి. ఆ పన్ను 2017 జులై 1న వచ్చింది. మొదటి సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు పలుసార్లు పొడిగించగా 2020 ఫిబ్రవరికి చేరింది. కాబట్టి 2017 జులైలో రాసిన వోచరును 2026 ఫిబ్రవరి దాకా, అంటే ఎనిమిదిన్నరేళ్లకు పైగా, ఉంచవలసి వచ్చింది. ఆ సంవత్సరంమీద అప్పీలు నడుస్తుంటే అది తేలిన తరవాత మరో ఏడాది ఉంచాలన్న షరతు కూడా ఉంది. తేదీ ఒక్కటే అడిగి తుడిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఈ పొడిగింపులు, ఈ అప్పీళ్లు తెలియవు.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు మరో నియమం తోడైంది. వారు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రతి లావాదేవీకీ, దానిలో చేసిన ప్రతి మార్పుకూ తేదీతో సహా జాడ నమోదు చేయాలి, ఆ జాడను ఎవరూ ఆపలేని ఏర్పాటు ఉండాలి. దీన్నే ఆడిట్ ట్రెయిల్ అంటారు. చట్టం చెప్పిన కాలంపాటు ఆ జాడను భద్రపరిచారా లేదా అన్నది ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. ఇందులో ఒక చిక్కు ఉంది: వోచర్లను మాత్రమే ఎత్తి ఆర్కైవ్‌కు పంపి, మార్పుల జాడను పాత ఫైలుతోపాటు వదిలేస్తే, లెక్క ఉంటుంది గాని ఆ లెక్కను ఎవరు ఎప్పుడు దిద్దారో చెప్పే సాక్ష్యం ఉండదు. తరలించేటప్పుడు రెండూ కలిసి కదలాలి.

తరలించే పద్ధతి విషయంలో పెద్ద సంస్థలు వాడే శాప్ సాఫ్ట్‌వేర్‌లో పాటించే వరస అందరూ గమనించదగ్గది. అది ముందుగా రికార్డులను ఆర్కైవ్ ఫైలులో రాస్తుంది. ఆ తరవాత నడిచే తుడిచివేత ప్రోగ్రాము, డేటాబేస్‌లోని జాబితాను చూసి తుడవదు, రాసిపెట్టిన ఆర్కైవ్ ఫైలును తిరిగి చదువుతూ, అందులో సరిగా చదవగలిగిన రికార్డులనే డేటాబేస్‌నుంచి తీసేస్తుంది. చదవలేని నకలు ఆధారంగా అసలు పోవడం అనే ఆపద అలా తప్పుతుంది. రికార్డు డేటాబేస్‌లో ఉండవలసిన కాలాన్నీ, మొత్తంగా ఉంచవలసిన కాలాన్నీ అది వేర్వేరుగా అడుగుతుంది. రెండూ ఒకటే అనుకోవడం చిన్న సంస్థల అలవాటు. ఈ వరసను ట్యాలీ వాడే దుకాణంలోనూ చేత్తో పాటించవచ్చు: విడదీసే ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే కంప్యూటరులో తెరిచి, మార్చి 31 నాటి అంకణా, బాకీదారుల జాబితా, సరుకు నిల్వ రెండుచోట్లా సరిపోయాయో లేదో చూసి, ఆ తరవాతే ముందుకు పోవాలి.

ఆర్కైవ్ మారలేదని పదేళ్ల తరవాత ఎలా రుజువు చేయాలి? ఇందుకు హ్యాష్ అనే గణిత సాధనం ఉంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా తీసుకుని 64 గుర్తుల వరసను ఇస్తుంది. ఫైలులో ఒక్క అంకె మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది, అదే వరస వచ్చేలా మరో ఫైలు తయారుచేయడం ఆచరణలో అసాధ్యం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో హ్యాష్ విలువను అడుగుతుంది. ఆర్కైవ్ చేసిన రోజునే ఆ వరసను రాసి ఆడిటర్ సంతకంతో కాగితంమీద ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు లేదు. ఫైలు మారకపోవడం ఒక ఎత్తు, అది తెరుచుకోవడం మరో ఎత్తు. సాఫ్ట్‌వేర్ సొంత రూపంలో ఉన్న డేటా ఆ సాఫ్ట్‌వేర్, ఆ లైసెన్సు, కొన్నిసార్లు ఆ పాత విండోస్ ఉన్నంతకాలమే చదవడానికి వస్తుంది. అందుచేత అసలు డేటాతోపాటు దినవహి, లెడ్జరులు, బిల్లులు దీర్ఘకాల భద్రతకు ఉద్దేశించిన పీడీఎఫ్-ఏ రూపంలోనూ, అంకెలు కామాలతో విడదీసిన సాదా పాఠంగానూ ఒక ప్రతి ఉంచుకోవడం అవసరం. పెన్‌డ్రైవు సొరుగులో పెట్టి మరిచిపోవడం ఆర్కైవింగ్ కాదు. కరెంటు అందని ఫ్లాష్ జ్ఞాపకం ఏళ్లు గడిచేకొద్దీ తనలోని విద్యుదావేశాన్ని, దానితోపాటు అంకెలను, కోల్పోగలదు.

ఈ నేపథ్యంలో చిన్న, మధ్యతరహా వ్యాపారులకు లెక్కల పద్దుల తుడిచివేత అవసరం దాదాపుగా లేదనే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తే రెండు మూడేళ్లకోసారి విడదీసి, పాత భాగాన్ని చదవడానికి మాత్రమే తెరిచేలా పెట్టుకుంటే సరిపోతుంది. నిజంగా తుడవవలసినది వేరే చోట ఉంది. జీతాల దస్త్రాల్లో వెళ్లిపోయిన ఉద్యోగుల ఆధార్ నకళ్లు, ఉద్యోగం రాని దరఖాస్తుదారుల వివరాలు, ఏళ్ల కిందటి కొనుగోలుదారుల ఫోను నంబర్లు చాలా కార్యాలయాల్లో లెక్కల ఫైళ్ల చాటున ఊరికే పడి ఉంటాయి. వ్యక్తిగత డేటాను దాన్ని సేకరించిన ప్రయోజనం తీరాక, మరే చట్టమూ ఉంచమని కోరనప్పుడు, తుడిచేయాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. పదేళ్ల కిందటి వోచరును భయపడి తుడిచే సంస్థ, ఆ వోచరుకు జతచేసిన గుర్తింపు కార్డు నకలును మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తే, తీసేయకూడనిది తీసేసి, తీసేయవలసినది ఉంచుకున్నట్టే.